డిక్కీ కింద తల

“అమ్మా, డిక్కీ తలుపు దానంతటదే పడదు. మీరే సగం ఎత్తి వదిలేసుంటారు,” అన్నాడు సర్వీసు మేనేజరు, అత్తగారి భుజానికున్న కట్టువైపు చూడకుండానే.

అత్తగారికి ఒళ్లు మండింది. కూరగాయల సంచీ తీసుకుందామని వంగినప్పుడు ఆ తలుపు వచ్చి భుజమ్మీద పడ్డ చప్పుడు ఆవిడ చెవుల్లోంచి ఇంకా పోలేదు. అప్పుడు మనవరాలు పక్కనే నిలబడి ఉంది. అది ఇంకొక్క అడుగు ముందుకేసి ఉంటే... ఆపైన ఆలోచించడానికే ఆవిడకి ధైర్యం చాలదు. ఆ రోజు నుంచీ బండి వెనకవైపుకి వెళ్లడమే మానేసింది.

“సగం ఎత్తడానికి అదేమన్నా గిన్నె మీద మూతా నాయనా? పైకంటా ఎత్తాను. కాసేపు నిలబడి, ఆనక పడింది.”

“మొన్న రోజంతా ఇక్కడే ఉంచుకుని చూశాం కదండీ. ఏ లోపమూ లేదు. మళ్లీ చూసేదేముంది?”

పక్కనే నిలబడ్డ కోడలు షోరూమంతా ఓసారి కలియజూసింది. సెలవు రోజు కావడంతో జనం కిటకిటలాడుతున్నారు. హాలు మధ్యలో అదే మోడల్ బండి కొత్తది తళతళలాడుతోంది. దాని చుట్టూ పిల్లాపాపలతో వచ్చిన కుటుంబాలు. కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన స్టీరింగు పట్టుకుని ఫొటో దిగుతున్నాడు. కంపెనీ నుంచి వచ్చిన పెద్దమనిషి, సిబ్బంది అంతా ‘పెద్దసార్’ అంటున్నాయన, టై సవరించుకుంటూ, “ఈ బండి ఎక్కితే అమ్మ ఒళ్లో కూర్చున్నట్టే అనుకోండి,” అని వాళ్లకి చెబుతున్నాడు.

కోడలు తిన్నగా ఆయన దగ్గరికి నడిచింది. అత్తగారు గబగబా వెనకే వెళ్లింది. ఇంట్లో గొంతెత్తి మాట్లాడి ఎరగని పిల్ల, ఇక్కడేం చేస్తుందో ఏమిటో!

“సార్, మాకూ ఇదే బండి ఉంది. డిక్కీ తలుపు మా అత్తయ్య మీద పడింది. మీవాళ్లేమో లోపం లేదంటున్నారు.”

పెద్దసార్ నవ్వు చెదరనివ్వలేదు. “లోపమే ఉంటే మేమే పిలిచి బాగుచేస్తామమ్మా. మా బండ్లకి అలాంటి బాధ లేదు.”

“చాలా సంతోషం సార్. బండి గుమ్మం ముందే ఉంది. ఒక్కసారి వస్తారా?”

అంతమంది చూస్తుంటే కాదనలేక ఆయన కదిలాడు. ఆయన వెనకే జనమూ కదిలారు. కోడలు డిక్కీ తలుపు పైకంటా ఎత్తి వదిలింది. అది నిలబడింది.

“చూశారా, స్తంభంలా ఎలా నిలబడిందో!” అన్నాడు మేనేజరు.

“మా ఇంటి దగ్గరా ఇలాగే నిలబడిందండీ, పడేదాకా,” అంది కోడలు. పెద్దసార్ వైపు తిరిగి, “మీరు దీని కింద తలపెట్టి కాసేపు నిలబడండి సార్. తప్పు మాదేనని అందరి ముందూ ఒప్పుకుని వెళ్లిపోతాం,” అంది.

పెద్దసార్ అడుగు ముందుకేయబోయి ఆగిపోయాడు. తలుపు వంక చూశాడు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“నేనెందుకమ్మా! ఏమయ్యా, నువ్వు నిలబడు,” అన్నాడు మేనేజరుతో.

“నేనా సార్?” మేనేజరు గభాల్న వెనక్కి తగ్గాడు. “ఇంట్లో చిన్నపిల్లలున్నారు సార్!”

జనం ఘొల్లుమన్నారు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. ఇందాక ఫొటో దిగిన కళ్లజోడాయన ముందుకొచ్చాడు. “మాకు మాత్రం లేరా పిల్లలు?”

పెద్దసార్ గబగబా అందుకున్నాడు. “కొత్త రాడ్లు రాగానే అందరికీ మారుద్దామనేనండీ...” అని, చప్పున నాలిక్కరుచుకున్నాడు.

“ఏ రాడ్లు సార్?” కోడలు గొంతు మెత్తగానే ఉంది.

ఇక దాచి లాభం లేకపోయింది. తలుపుని ఎత్తి పట్టుకునే రాడ్లు నాసిగా వచ్చాయట. ఊరూరి నుంచీ ఇవే ఫిర్యాదులట. ఉన్న బండ్లు అమ్ముడుపోయాక నెమ్మదిగా చెబుదామనుకున్నారట. ఆయన మాట పూర్తి కాకముందే కళ్లజోడాయన, “నాకీ బండి వద్దు,” అన్నాడు. ఆ వెనక మరొకరు. ఆ పైన ఇంకొకరు.

పెద్దసార్ ఫోన్ పట్టుకుని ఓ మూలకి పోయాడు. చేతులు తిప్పుతూ చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చేసరికి ఆయన టై పక్కకి జారిపోయి ఉంది.

“ఈ మోడల్ అమ్మకాలు ఈ పూటనుంచే ఆపేస్తున్నాం. ఇప్పటిదాకా అమ్మిన ప్రతి బండినీ వెనక్కి పిలిచి రాడ్లు ఉచితంగా మారుస్తాం. అందాకా ఎవరూ ఆ తలుపు కింద నిలబడొద్దని ఇవాళే అందరికీ కబురు పెడతాం.” ఆయన అత్తగారి ముందు చేతులు జోడించాడు. “పెద్దవారు, క్షమించండి.”

“నా భుజానిదేముంది నాయనా, అదే అతుక్కుంటుంది. ముందు ఆ కబురు పెట్టించు,” అంది ఆవిడ. ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లూ అందుకున్నారు. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని, ఏదో ఊరేగింపులో నడిచినట్టు తలెత్తుకుని నడిచి బండెక్కింది.

వీధి మలుపు తిరిగారో లేదో, ఆవిడ ముఖంలో వెలుగు కాస్తా తగ్గింది.

“అవును గానీ అమ్మాయ్, ఆయన పౌరుషానికి పోయి నిజంగానే నిలబడి, అది కాస్తా ఆయన నెత్తిన పడి ఉంటే? ఈపాటికి మనం పోలీస్ స్టేషన్‌లో ఉండేవాళ్లం!”

కోడలు నవ్వింది.

“పడే తలుపు కింద మనిషిని నిలబడమంటానా అత్తయ్యా? మొన్న వీళ్లు లోపం లేదని బండి తిప్పి పంపాక, మీరు మంచం మీద ఉండగానే, బయటి మెకానిక్‌తో మన బండికి వేరే రాడ్లు వేయించేశాను.”