ఆలస్యపు కాన్పు

"పొట్ట ఆ గుంటలోకి వచ్చేలా మెల్లిగా బోర్లా పడుకోండి. భయం లేదు, నేను పట్టుకునే ఉన్నాను" అంది చేతుల డాక్టరమ్మ.

బల్ల మధ్యలో గుంట చేసి, చుట్టూ మెత్తటి దిండ్లు అమర్చింది గర్భిణుల కోసమే. మందులూ సూదులూ లేకుండా నడుమునీ కీళ్ళనీ చేత్తోనే సర్దుతుంది కాబట్టి ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు బల్లెక్కుతున్నావిడకు ఏడో నెల. వయసు నలభై ఆరు. ఆస్పత్రి డాక్టరు పంపిన చీటీలో ఆ అంకె చూసి చేతుల డాక్టరమ్మ మళ్ళీ ఒకసారి చదువుకుంది. నడుం నొప్పి అనీ, తేలికపాటి చేతివైద్యం చేయవచ్చనీ తప్ప అందులో ఇంకేమీ లేదు.

వెంట వచ్చిన కూతురు గోడ పక్క కుర్చీలో కూర్చుంది. పెళ్ళయిన పిల్ల. తల్లి పొట్ట వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తోంది. అయినా తల్లి కాస్త కదిలితే చాలు, "మెల్లిగా అమ్మా" అంటోంది.

డాక్టరమ్మ ఆవిడ నడుం మీద అరచేయి ఆనించి, ఊపిరి వదిలినప్పుడల్లా కొంచెం బరువు వేసింది. విరవడాలూ లాగడాలూ ఏమీ లేవు. కాసేపటికి ఆవిడ లేచి కూర్చుని, ఎముకలు పటపటలాడిస్తారని విని రెండు రోజులుగా హడలి చస్తున్నానని, తీరా ఇంతేనా అని నవ్వింది.

ఆ తర్వాత వారం వారం వచ్చేవారు. అల్లుడు కారులో తీసుకొచ్చి కిందే కూర్చునేవాడు. ఆవిడ భర్త ఒక్కసారి కూడా కనబడలేదు. ఆయన సంగతి అడగాలని డాక్టరమ్మకు నోటిదాకా వచ్చేది, మింగేసేది.

అంతకన్నా కూతురి వరస ఆమెకు అంతుబట్టలేదు. తల్లి మెట్లెక్కితే కోపం, బట్టలు ఆరేస్తే కోపం. అలా ఒత్తితే లోపలి బిడ్డకు తెలుస్తుందా, ఏ పక్కకు పడుకుంటే మంచిది, కదలికలు రోజుకెన్ని ఉండాలి అంటూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేది. జవాబులన్నీ పుస్తకంలో రాసుకునేది. ఆ పొట్ట మీద మాత్రం చెయ్యి వేసేది కాదు.

"నేను దాన్ని కన్నానో, అది నన్ను కన్నదో తెలియడం లేదండీ" అంది ఒకరోజు తల్లి.

ఎనిమిదో నెలలో ఒక ఉదయం ఆవిడ పక్కకు తిరిగి పడుకుని ఉండగా, డాక్టరమ్మ చేతికింద బిడ్డ గట్టిగా తన్నింది. ఆవిడ కూతుర్ని దగ్గరికి పిలిచి, చెయ్యి లాక్కుని ఆ చోట పెట్టుకుంది. మళ్ళీ ఒక తన్ను. కూతురు చెయ్యి తీసేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ వరండాలోకి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ వెనకే వెళ్ళింది. ఇన్నాళ్ళుగా తనను తొలుస్తున్న ప్రశ్నకు జవాబు దొరికిందనిపించింది ఆమెకు.

"నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మా తమ్ముడు పుట్టాడు. అమ్మతో కలిసి వీధిలో నడవడానికి సిగ్గుపడి పది అడుగులు ముందు నడిచేదాన్ని. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేక ఏడ్చేదాన్ని. నీ బాధ నాకు తెలుసమ్మా."

ఆ పిల్ల తెల్లబోయి చూసింది. ఏదో చెప్పబోయి, పెదవి కొరుక్కుని మానుకుంది. ఇప్పుడు ఆ తమ్ముడంటే ఎలా ఉందని అడిగింది. వాడు రెండు రోజులు ఫోన్ చెయ్యకపోతే ముద్ద దిగదని చెప్పింది డాక్టరమ్మ.

"చూడగానే వస్తుందంటారా, అంత ప్రేమ?"

"రాకపోయినా గాభరా పడకు. ఎత్తుకోగా ఎత్తుకోగా వస్తుంది."

ఆ మాట కూడా పుస్తకంలో రాసుకుంది ఆ పిల్ల. డాక్టరమ్మకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఆ వేళ పనయ్యాక అమ్మకు ఫోన్ చేసి, ఆనాటి పది అడుగులకూ క్షమించమని అడిగింది. అమ్మకు ఆ సంగతే గుర్తులేదు.

కాన్పు సుఖంగానే అయింది. మూడు వారాలకు మళ్ళీ వచ్చారు. తల్లి చేతిలో మగబిడ్డ, వెనక సంచీ మోస్తూ కూతురు. వాడు మెడ కుడివైపుకే తిప్పుతున్నాడు. పిల్లల డాక్టరు అన్నీ చూసి, కండరం కాస్త బిగుసుకుంది, ఇంకేం లేదని ఇక్కడికి పంపాడు.

చేతుల డాక్టరమ్మ వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. మూసిన కంటిరెప్ప మీద వేలు ఆనించేటంత ఒత్తిడితో, చెవి వెనక నుంచి భుజం దాకా రెండు వేళ్ళు ఆనిస్తూ వచ్చింది. వాడు ఆవలించి, ఎడమవైపుకు సగం తిరిగాడు.

పాలు పట్టే ముందు రోజూ మూడుసార్లు ఇంట్లో ఇలాగే చెయ్యాలని చెప్పి, ఆమె పెద్దావిడ వైపు చెయ్యి చాచింది.

"ఇలా రండి, వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపిస్తాను."

ఆవిడ కదల్లేదు. పక్కనున్న కూతురి వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. ఆ పిల్ల అప్పటికే చేతులు కడుక్కుని నిలబడి ఉంది.

"అక్కకు తర్వాత నేర్పుతాను. ముందు వాళ్ళమ్మ నేర్చుకోవాలి కదా" అంది డాక్టరమ్మ నవ్వుతూ.

"నేను మోశానంతేనండీ, వాడికి అమ్మమ్మని."