పోశం బీపీ దిగింది

“నార్మలా? నార్మల్ ఎట్లయితదయ్యా!” లస్మవ్వ నెత్తి కొట్టుకుంది.

బీపీ మిషన్ పట్టుకుని వచ్చిన పక్కింటి నర్సు సుగ్రా బీ బిత్తరపోయింది. “మంచిగైతే ఏడుస్తవేంది లస్మక్కా? ఖుష్ కావాలె గని!”

“నేనేం జెయ్యాలె?” అన్నాడు ఆమె మొగుడు పోశం, తప్పు చేసినవాడిలా. “షిఫ్టు దిగినంక అడవిల తిరిగొస్తున్న. చెట్ల కింద నడిస్తే పానం తేలికైతంది. నిద్ర గూడ పడుతంది.”

“నిన్నెవలు నిద్రపొమ్మన్నరు?”

ఆమె ఏడుపులో న్యాయం లేకపోలేదు. వచ్చే వారమే మెడికల్ బోర్డు. పోశం జబ్బుమనిషని తేలి అన్‌ఫిట్ అయితే, బొగ్గుబాయిలో అతని ఉద్యోగం కొడుకు భూపాల్‌కి వస్తుంది. మళ్ళీ ఇలాంటి అవకాశం రాదు. ఇన్నేళ్లుగా కంటికి రెప్పలా కాపాడుకున్న బీపీని అడవి నెల తిరక్కముందే మింగేసింది.

ఆ రోజు నుంచి పోశానికి అడవి బంద్. పూటపూటకీ మామిడికాయ తొక్కు, పైన ఇంకాస్త ఉప్పు. తీరికగా కూర్చుంటే ఎదురుగా టీవీలో తిట్టుకునే చర్చలు. సాయంత్రం కాగానే భూపాల్ అతన్ని బండి మీద బసంత్‌నగర్ తీసుకెళ్ళి, సిమెంటు లారీల హారన్ల మధ్య నిలబెట్టి తీసుకురావాలి.

“జర ఎక్కువసేపే నిలవెట్టు బిడ్డా. నీ నౌకరి కోసమే గదా,” అనేది లస్మవ్వ. భూపాల్ తలూపేవాడు.

బోర్డు రోజు డాక్టరు ఒకటికి రెండుసార్లు చూశాడు. “బీపీ, గుండె, ఊపిరి అన్నీ భేషుగ్గా ఉన్నాయి. రిటైరయ్యేదాకా హాయిగా డ్యూటీ చేసుకో!”

లస్మవ్వ దవాఖాన మెట్ల మీదే కూలబడి శోకాలు పెట్టింది. అటుగా పోతున్న ఒకావిడ ఆగి, “అయ్యో, పానం ఎప్పుడు పోయింది చెల్లె?” అని కళ్ళొత్తుకుంది.

“పోలేదక్కా, మంచిగున్నడు!” అని లస్మవ్వ ఇంకా గొల్లుమంది. తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుంది. “గన్ని లారీల మోతల నిలవెడితివి గదరా! బీపీ ఎక్కకపాయె, ఎట్ల?”

భూపాల్ మెల్లగా తండ్రి వెనక్కి జరిగాడు.

“బాయిల దిగుడంటే నాకు భయమవ్వా. బాపును రోజు అడవికే తోలుకపోయిన.”