తుడిచేసిన నవ్వు

రాత్రి మ్యూజియం మూసేశాక, ఒక పడుచుపిల్ల పటం మీది మురికిని దూదితో తుడుస్తున్నాను. చెయ్యి వణక్కూడదని, దూది ఆనించిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టడం నా అలవాటు. "ప్రియుణ్ణి చూసి నవ్వుతున్న యువతి" అని పటం కింద చీటీ రాసింది మా అక్కే.

పెదవుల మీది రంగు ఊడి దూదికి వచ్చేసింది. ఆ నవ్వు తర్వాతెవరో పూసినది. దాని కింద నోరు అరుస్తున్నట్టు తెరుచుకుని ఉంది.

ఫోన్ స్పీకర్లో పెట్టి అక్కకు చెప్పాను.

"ఈ పిల్ల నవ్వట్లేదక్కా. హడలి చస్తోంది."

"దేన్ని చూసిరా?"

"బొమ్మ వేసినాయన వెనకున్న దేన్నో. ఇప్పుడు ఆయన చోటులో నేను కూర్చున్నా."

"చాల్లే నీ కోతలు. పని చూసుకో."

మళ్ళీ దూది ఆనించాను.

"ఒరేయ్," అంది అక్క, "ఎందుకురా అంతలా రొప్పుతున్నావు?"

నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను.