కూతురి మీద ఓ కన్ను

“వెయ్యి మంది. పరీక్షలయ్యేలోపు నీ చానెల్‌ని వెయ్యి మంది చూశారంటే ఇక నీ జోలికి రాను. చూడకపోతే మాత్రం దాన్ని మూసేసి, బుద్ధిగా లెక్కల ట్యూషన్‌లో చేరాలి. సరేనా?”

“సరే నాన్నా,” అంది పండు. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు.

పదమూడేళ్ల పిల్ల, పెద్దయ్యాక ఏమవుతావంటే డాక్టరనో టీచరనో అనాలి. పండు మాత్రం “లైవ్ చేస్తా” అంటోంది. అదేం ఉద్యోగమో తండ్రికి అంతుపట్టలేదు. ఆయన రైల్వే స్టేషన్‌లో గుమాస్తా. ప్రయాణికులు రైళ్లలో మరిచిపోయినవన్నీ ఆయన కౌంటరుకే చేరతాయి. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఓసారి పళ్లసెట్టు కూడా. వచ్చినవాళ్లని నాలుగు ప్రశ్నలడిగి, వస్తువు వాళ్లదేనని తేల్చుకుని ఇవ్వడం ఆయన పని.

“లోకానికి చూపించేంత విశేషం మనింట్లో ఏముందమ్మా? చూసినవాళ్లు నవ్విపోతారు,” అన్నాడు.

ఆయన భయమంతా అదే. ముక్కూ మొహం తెలియనివాళ్లు తన పిల్లని చూసి నవ్వుతారన్న ఊహకే ఆయనకి అన్నం సయించేది కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సాయంత్రం పండు బడినుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. తల్లి ఆసుపత్రిలో నర్సు. ఆయనది రెండో షిఫ్టు. ఆలోచించి ఆలోచించి ఆయనే ఓ ఉపాయం కనిపెట్టాడు. ఇంట్లో కంప్యూటరు ముందు పుస్తకాలు పెట్టుకుని పండు కూర్చోవాలి. ఇక్కడ కౌంటరు మీద, జిగురు డబ్బాకి ఆనించి తన ఫోను. వీడియో కాల్ ఆన్‌లోనే ఉంటుంది. పిల్ల చదువుతోందో లేదో చూస్తూ ఆయన పని ఆయన చేసుకుంటాడు.

“నాది పోలీసు బుర్ర,” అని భార్య దగ్గర గొప్పలు పోయాడు.

ఈ మాట వినగానే పండు ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాడు. లేవలేదు సరికదా, మొదటిరోజే, “ఫోన్ కాస్త వెనక్కి జరుపు నాన్నా, సగమే కనిపిస్తున్నావు. సౌండ్ కూడా ఆపకు. నీ మాట వినిపిస్తుంటేనే నాకు చదువు సాగుతుంది,” అంది.

ఆయనకి కళ్లు చెమ్మగిల్లాయి. కూతురంటే కూతురే మరి!

ఆ రోజునుంచి పండు తల దించుకుని రాసుకుంటూ ఉండేది. మధ్యమధ్య తెర వంక చూసి ముసిముసిగా నవ్వేది. ఆయనా నవ్వి చెయ్యి ఊపేవాడు. ఒక్కోసారి, “నాన్నా, ఆ పళ్లసెట్టు ఎవరిదో తేలిందా?” అని అడిగేది. చదివి చదివి అలిసిపోయింది పాపం అనుకుని, ఆ కథంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు.

ఓ రోజు ఒక పెద్దాయన వచ్చాడు.

“నల్ల గొడుగండీ.”

“ఇక్కడున్నవన్నీ నల్లవేనయ్యా. మీదాన్లో విశేషం?”

“ఎంత నొక్కినా తెరుచుకోదండీ.”

తండ్రి గుట్టలోంచి ఒక్కో గొడుగూ తీసి నొక్కుకుంటూ పోయాడు. అన్నీ టపటపా తెరుచుకున్నాయి. మళ్లీ మూసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అట్టడుగున ఉన్నది మాత్రం మొండికేసింది. “ఇదిగో, మీదే,” అని చేతిలో పెట్టాడు. అక్కడ పండు కుర్చీలోంచి పడిపోయేలా నవ్వుతోంది.

“పుస్తకం చూడు!” అని కసిరాడు.

ఈమధ్య కౌంటరు దగ్గర జనం పెరిగారు. అంతా కుర్రకారే. “గొడుగు పోయిందంకుల్” అంటారు. ఏ రంగంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏ రైలంటే అదీ తెలియదు.

“పొద్దస్తమానం ఫోన్లలో తల దూర్చి కూర్చుంటే గొడుగులేం ఖర్మ, ఒంటి మీద బట్టలు కూడా మరిచిపోతారు!” అని చీవాట్లు పెట్టేవాడు. చిత్రంగా ఒక్కరికీ కోపం వచ్చేది కాదు. చెవులప్పగించి విని, సంతోషంగా వెళ్లిపోయేవాళ్లు.

పక్క కౌంటర్లో టికెట్లమ్మే అమ్మాయి కూడా కాస్త ఖాళీ దొరికితే ఫోను చూసి కిసుక్కున నవ్వేది.

“నీకూ పట్టిందా ఈ పిచ్చి?”

“బాగుంటుంది బాబాయ్. ఎంత అలసటగా ఉన్నా ఎగిరిపోతుంది.”

“పనిలేనివాళ్లు తీస్తారు, పనిలేనివాళ్లు చూస్తారు,” అని ఆయన మూతి తిప్పాడు.

గడువు రోజు రానే వచ్చింది. ఆయన పొద్దున్నే ట్యూషన్ మాస్టారితో మాట్లాడి వచ్చాడు. దారిలో పండుకిష్టమైన చాక్లెట్టు ఒకటి కొని జేబులో వేసుకున్నాడు. పందెం ఓడిపోయి పిల్ల ఏడిస్తే ఆయన చూడలేడు.

సాయంత్రం రద్దీ తగ్గాక గొంతు సవరించుకున్నాడు.

“ఏమ్మా పండూ, ఇవాళ్టితో గడువు సరి. ఇంతకీ నీ చానెల్ ఎంతమంది చూశారు?”

పండు పెన్ను కింద పెట్టింది. “చెబితే కోప్పడవుగా?”

“ఎందుకు కోప్పడతాను, పిచ్చితల్లీ? పదిమందే అయినా ఏమీ అనను. చెప్పు.”

“అయితే పక్కనున్న అక్క ఫోన్లో చూడు. మన కాల్ మాత్రం కట్ చెయ్యకు.”

టికెట్ల అమ్మాయి అప్పటికే ఫోను పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. ఆయన జేబులో చాక్లెట్టు తడుముకుని, “ఎవరు చూస్తారమ్మా ఇవన్నీ!” అని నిట్టూర్చి, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని ఆ ఫోన్లోకి వంగాడు.

ఆ తెర మీద, ‘మా నాన్న కౌంటర్ – లైవ్ – చూస్తున్నవారు పన్నెండు వేలు’ అన్న అక్షరాల కింద, గొడుగుల గుట్ట ముందు కూర్చున్న నెరిసిన మీసాల గుమాస్తా ఒకాయన, ఒకటి రెండు క్షణాలు ఆలస్యంగా, “ఎవరు చూస్తారమ్మా ఇవన్నీ!” అని నిట్టూర్చాడు.