తొమ్మిదో నంబరు

పాప చెయ్యి వదిలిన ఒక్క క్షణంలో ఎవరైనా ఎత్తుకుపోతారేమో. ఆ తల్లికున్న భయాలన్నింటిలోకీ పెద్దది అదే.

అందుకే బడి దగ్గర ఆ మనిషిని చూడగానే ఆమె పాప చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అరవై ఏళ్లుంటాయి. చేతిలో పొడవాటి ఇనుప కర్ర. గేటు పక్కన నిలబడి, లోపలికి వెళ్లే పిల్లల కాళ్ల వంకే చూస్తూ చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

"పాపకెన్నేళ్లమ్మా?"

"మీకెందుకు?"

"రోజూ ఇటువైపు నుంచే నడుస్తారా?"

ఆమె పాపను లాక్కుని కాస్త దూరం పోయి, గబుక్కున ఒక ఫొటో తీసింది. ఆ రోజుకి బడీ వద్దు, ఏమీ వద్దనుకుని పాపను చంకనేసుకుని ఇంటికొచ్చి పడింది.

పక్కింటి టైలరు పిన్ని కుట్టుమిషను ఆపింది.

"ఏమైందే, అలా పరుగెత్తుకొచ్చావు?"

"బడి దగ్గర ఒకడు తచ్చాడుతున్నాడు పిన్నీ. పాప వయసడిగాడు. ఎటు నడుస్తామో అడిగాడు."

"వామ్మో! వీధి గ్రూపులో పెట్టు ముందు."

పెట్టింది. నిమిషంలో ఎవరో దానికింద ఓటింగు పెట్టారు: 'ఈ మనిషిని వీధిలోకి రానివ్వాలా, వద్దా?'

ఆమె 'వద్దు' నొక్కింది. పిన్ని కూడా నొక్కింది.

"చేతిలో ఫోను ఉండగానే ఆ పార్టీ ఓటు కూడా కానిచ్చెయ్యవే. ఇవాళే ఆఖరట. ఆ సన్న అక్షరాలు నాకెక్కడ కనబడి చస్తాయి!"

కొత్తగా వచ్చిన పార్టీ. వార్డులో ఎవరు నిలబడాలో, ఏ పనులు ముందు చెయ్యాలో ఫోనులో జనమే తేల్చాలి. అభ్యర్థికి పేరుండదు, మొహముండదు, నంబరే. రాసింది చదివి నొక్కాలి. గెలిచాకే ఫొటో. మనుషుల్ని మొహం చూసి తూచకూడదని ఆ ఏర్పాటు.

ఎనిమిదో క్లాసులోనే చదువు ఆగిపోయినా, ఆమె కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"మూడో నంబరు. ఊరిని స్వర్గం చేస్తాడట."

"స్వర్గానికి నాకప్పుడే తొందర లేదు. ఇంకోటి చదువు."

"తొమ్మిదో నంబరు. 'వార్డులో మురుగు కాల్వ మూతలు రెండు వందల పన్నెండు. పగిలినవి ముప్పై ఒకటి. అందులో పిల్లలు రోజూ తొక్కేవి ఆరు. ముందు ఆ ఆరు.'"

"అబ్బో, వీడెవడో పని తెలిసినవాడే! ఎందుకు నిలబడుతున్నాడట?"

ఆమె కిందికి జరిపి చూసింది. గొంతు తగ్గింది.

"'మనవరాలు కాల్వలో పడిపోయింది. చెయ్యి వదిలింది నేనే.'"

ఆమె పాపను దగ్గరికి లాక్కుంది.

తన ఫోనులోనూ, పిన్ని ఫోనులోనూ తొమ్మిదే నొక్కింది.

మధ్యాహ్నం వీధిలో గోల. నలుగురు మగాళ్లు ఆ మనిషిని చుట్టుముట్టారు.

"అరవై మూడు మంది వద్దన్నారు పెద్దాయనా. మర్యాదగా కదులు."

ఆయన ఏదో చెప్పబోయాడు. గుమ్మంలో ఉన్న ఆమె కనబడింది.

"పాపను ఎడమవైపు నడిపించమ్మా," అన్నాడు. అంతే. కర్ర ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

"చూశావా పిన్నీ, పోతూ పోతూ కూడా పాప మాటే!"

ఆ రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూసుకుంది. నిద్ర పట్టలేదు.

పొద్దున బడికి బయల్దేరితే ఆ మాటే చెవిలో తిరిగింది. తిట్టుకుంటూనే ఎడమవైపుకి మారింది.

గేటు ఇంకా నాలుగడుగులుందనగా, కుడివైపున పెద్ద చప్పుడు. పాల బండి చక్రం మూతతో సహా కాల్వలోకి దిగిపోయింది. కింద నల్లటి నీళ్లు.

రోజూ పాప గెంతే మూత అది.

ఆమె ఇంకా తేరుకోకముందే ఫోనులో పార్టీ మెసేజి మోగింది. తొమ్మిదో నంబరు గెలిచింది. సాయంత్రంలోగా సంతకం పెట్టకపోతే ఆ చోటు మూడో నంబరుదట. ఆయన ఇచ్చిన ఫోను నంబరు పలకడం లేదట. కింద ఫొటో.

ఆమె అక్కడే కూలబడి, తనకు తెలిసిన గ్రూపులన్నింటిలో రాసింది:

'అరవై ఏళ్ల పెద్దాయన, చేతిలో ఇనుప కర్ర, చిన్న పుస్తకం. మీ వీధికొస్తే తరిమెయ్యకండి, బాగున్నారా అని ఒక్కసారి అడగండి, మేం ఓటేసి గెలిపించిందీ ఓటేసి తరిమేసిందీ ఆయన్నే.'