మిరప తొడిమలు

అంగారకుడి మీద ఇళ్లలో భూమి క్రిములను పెంచడం నేరం. అందుకే శుద్ధి ఇన్‌స్పెక్టరు దావీదు, రత్తమ్మ పదకొండేళ్లుగా కాపాడుకొస్తున్న పెరుగు తోడును గిన్నెతో సహా కొలిమిలో పడేశాడు. కడుపుతో ఉన్న ఆమె కూతురికి పెరుగన్నం తప్ప ఇంకేదీ ఇమడడం లేదు.

“ఏమనుకోకు పిన్నీ. రేపు ఈ మట్టిలో ప్రాణం కనబడితే, అది దీనిదో మనం మోసుకొచ్చిందో ఎట్టా తెలుస్తది?” అన్నాడు.

రత్తమ్మ అతని ఎదుటే పాలు గోరువెచ్చగా కాచి, కాలనీ తోటలో కాసిన నాలుగు మిరపకాయల తొడిమలు తుంచి అందులో వేసి మూత పెట్టింది.

“అదేంది?”

“తోడు. పొద్దుటికి పేరుకుంటది. మా అమ్మ నేర్పింది.”

“శుద్ధి చేసిన తోటలో క్రిములెక్కడియి?”

“నా చేతివి. నీవి కూడా ఉంటయ్యిలే. పొద్దున కాయలు కోసిచ్చింది నువ్వేగా!”

దావీదు తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. అతనికి తన చర్మమంటేనే భయమని రత్తమ్మకు అప్పుడు తెలిసింది. పాలగిన్నెను ఒళ్లో పెట్టుకుని గట్టిగా కూర్చుంది.

“కొలిమిలో ఇంకా చోటుందా అబ్బాయా? ముందు నువ్వు దూకు. నీ వెనకాలే నేనొస్తా.”