ఆషాఢంలో ఆరు పెళ్ళిళ్ళు

భానుతేజ నోట "తప్పు నాది" అన్న మాట రావడమూ, కట్టేసిన కాలవలో నీళ్ళు రావడమూ ఒకటే. పెరుగు తెమ్మంటే పాలు తెస్తాడు. "తోడేస్తే పెరుగే కదా" అంటాడు. పెళ్ళయిన ఏడాదిగా హేమశ్రీ వింటూనే ఉంది.

అలాంటివాడు, రామచంద్రపురంలో తండ్రి నాగేశ్వరప్రసాద్ గారి కల్యాణమండపానికి వెబ్‌సైట్ చేశాడు. పెళ్ళివారు ఫోన్లోనే తేదీ నొక్కి హాలు బుక్ చేసుకోవచ్చు. పాత రిజిస్టరు అటకెక్కింది.

ఆ ఉదయం, అలా హాలు బుక్ చేసుకున్న వీరవేణి గారు శుభలేఖ పట్టుకుని వచ్చారు. కూతురి పెళ్ళి జూన్ ఎనిమిది. పన్నెండు రోజులే ఉంది.

నాగేశ్వరప్రసాద్ గారు కంప్యూటర్ చూసి నీళ్ళు నమిలారు. జూన్ ఎనిమిది ఖాళీ అని నిన్ననే ఎరువుల డీలర్ల మీటింగ్‌కి ఇచ్చేశారు. ఈ పెళ్ళి జూలై ఎనిమిదిన ఉంది. ఆ నెలలోనే ఇంకో ఐదు పెళ్ళిళ్ళు.

"ఆషాఢంలో పెళ్ళేంటండీ!" అందావిడ. "కొత్త పెళ్ళికూతుళ్ళు పుట్టింటికొచ్చే నెలలో తాళి కట్టిస్తారా?"

డీలర్లని ఫోన్లో బతిమాలి, మీటింగ్ వాయిదా వేయించి, ఆవిడకి హాలు ఖాయం చేసి పంపేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. అప్పుడు కొడుకు వైపు తిరిగారు.

"ఏం చేశావురా?"

భానుతేజ అప్పటికే వెతికి పట్టుకున్నాడు. "జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో నెలలు సున్నా నుంచి మొదలట నాన్నగారూ. జనవరి సున్నా. జూన్ కదా అని నేను ఆరు ఇచ్చాను. దానికి ఆరంటే జూలై."

"సున్నా నెల ఏ పంచాంగంలో ఉందిరా?"

"తేదీలు మాత్రం ఒకటి నుంచేనట."

"అదీ నీలాంటి తిక్కదే అన్నమాట. తప్పు నాదని ఒప్పుకో."

"నాకు నేర్పినవాళ్ళు జనవరి ఒకటనే చెప్పారు."

"ఎవడా మహానుభావుడు?"

భానుతేజ సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాడు.

"చూశావా అమ్మా హేమా! లేని మాస్టారి మీదకి తోస్తున్నాడు. ఏడు సంబంధాలు కాదని, నిన్ను ఏరి తెచ్చుకున్నాను. కంప్యూటర్ చదువుకున్నదానివి, నువ్వయితే ఇలా చేస్తావా?" మళ్ళీ కొడుకు మీద పడ్డారు. "ఆ పేరన్నా చెప్పు, లేదా రేపట్నుంచి మండపేట పోయి మిల్లులో బస్తాలు తూయించు. వెబ్‌సైట్ కోడలు చూసుకుంటుంది."

ఆరు నెలలు కూర్చుని చేసిన వెబ్‌సైట్. భానుతేజ మొహం వాడిపోయింది. పేరు మాత్రం చెప్పలేదు.

"మిల్లుకే వెళ్తాన్లెండి" అన్నాడు.

హేమశ్రీ కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టింది.

"తప్పు నాదే మావయ్యగారూ," అంది, "పెళ్ళిచూపులకి రెండేళ్ళ ముందు, రాజమండ్రి కంప్యూటర్ సెంటర్లో ఈయనకి జనవరంటే ఒకటని నేర్పిన టీచర్ని నేనే."